పొద్దుగుంకే వేళ ఫోటో: ఆకాశానికీ నేలకూ మధ్య వెలుగు పంచాయితీ

సూర్యాస్తమయం ఫోటోల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే: కంటికి కనిపించినట్టు రాలేదని. ఆకాశంలో రంగులు దక్కాయంటే కింద నేలంతా నల్లగా మాడిపోతుంది. నేల కనపడేలా తీస్తే ఆకాశం వెలిసిపోయి, సూర్యుడి చోట తెల్లటి మచ్చ మిగులుతుంది. ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో రెండింటినీ లాగి సరిచేద్దామంటే కొండల అంచుల వెంట తెల్లటి గీతలు తేలి, ఫోటో కాస్తా క్యాలెండర్ బొమ్మ అయిపోతుంది.

ఇవి మూడు వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి గానీ మూలం ఒక్కటే. పొద్దు వాలేటప్పుడు పడమటి ఆకాశానికీ, దాని కింద నీడలో ఉన్న నేలకూ వెలుగులో విపరీతమైన తేడా ఉంటుంది. ఫోటోగ్రఫీ లెక్కలో ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు. సూర్యుడు ఫ్రేములో ఉంటే ఈ తేడా సులువుగా 8 స్టాపులు దాటుతుంది, అంటే 256 రెట్లు. మన కన్ను ఆకాశాన్ని చూసేటప్పుడు ఒకలా, నేలను చూసేటప్పుడు మరోలా సర్దుకుని రెండింటినీ మెదడుకు అందిస్తుంది. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు. ఫ్రేము మొత్తానికీ ఒకే ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు లెక్క ఒక్కటే. మంచి ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరున్న) కెమెరా తన కనీస ఐఎస్‌ఓ (వెలుగుకు స్పందించే స్థాయి) దగ్గర రా ఫైలులో, అంటే సెన్సర్ పట్టినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ఫైలులో, 14 స్టాపుల దాకా నమోదు చేస్తుంది గానీ, మామూలు స్క్రీను మీదా కాగితం మీదా అంత తేడాను చూపించలేం. కాబట్టి ఎక్కడో ఒకచోట కుదించక తప్పదు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి, ఎంత వెలుగు తీసుకోవాలి, ఎడిటింగ్‌లో ఏది ఎంత జరపాలి అన్నవన్నీ ఈ కుదింపు ఎక్కడ జరగాలో తేల్చే నిర్ణయాలే. ఎంత ముందు దశలో తేల్చుకుంటే ఫోటో అంత సహజంగా ఉంటుంది. స్లైడర్ల దాకా వాయిదా వేసినవే చివరికి కంటికి గుచ్చుకుంటాయి.

గంట కాదు, పాతిక నిమిషాలు

ఇంగ్లీషు ట్యుటోరియళ్లలో 'గోల్డెన్ అవర్' అని చదివి, గంటసేపు బంగారు వెలుగు ఉంటుందనుకుంటే మన దగ్గర దెబ్బతింటాం. హైదరాబాదు, రాజమహేంద్రవరం, విశాఖ అన్నీ ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఇక్కడ సూర్యుడు దాదాపు నిటారుగా దిగుతాడు. దిగంతానికి 6 డిగ్రీల ఎత్తు నుంచి కిందికి చేరడానికి సుమారు 25 నిమిషాలు పడుతుంది. అదే లండన్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజుల్లో 40 నిమిషాల దాకా పడుతుంది. అస్తమించాక రంగులు, వెలుగు మిగిలే సాయంసంధ్య కూడా మన దగ్గర 22 నుంచి 24 నిమిషాలే. సూర్యబింబం కింది అంచు దిగంతాన్ని తాకిన క్షణం నుంచి పూర్తిగా మునిగేదాకా రెండుంబావు నిమిషాలు. లెన్సు మార్చుకుందామని బ్యాగు విప్పితే అయిపోతుంది.

అందుకే అస్తమయానికి కనీసం 45 నిమిషాల ముందు స్థలానికి చేరి, ఫ్రేము తేల్చుకుని, ట్రైపాడ్ బిగించి ఉండాలి. సమయం ఊరికీ నెలకూ మారుతుంది. హైదరాబాదులో నవంబరు చివర 5:40 ప్రాంతంలో పొద్దుగుంకితే, జూలై మొదట్లో 6:54 దాకా ఉంటుంది. రాజమహేంద్రవరం తూర్పున ఉంది కాబట్టి అక్కడ ఇంకో పావుగంట ముందే.

అస్తమయం అయిందని సర్దుకుని వెళ్లిపోవడం చాలామంది చేసే పని. నిజానికి ఆకాశానికీ నేలకూ మధ్య తేడా తగ్గి, కెమెరాకు వీలుగా మారేది ఆ తర్వాతే. సూర్యుడు మునిగిన 8 నుంచి 15 నిమిషాలకు, ఎత్తులో పల్చటి మబ్బులుంటే, కింది నుంచి వెలుగు తగిలి అవి ఎర్రబడతాయి. ఎంత ఎత్తు మబ్బయితే అంత ఆలస్యంగా, అంత ఎర్రగా.

మబ్బు చదవడం

వెలుగు గాలిలోంచి ఎక్కువ దూరం ప్రయాణించినకొద్దీ నీలం చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. గాలి అణువులు 450 నానోమీటర్ల నీలాన్ని 700 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు 6 రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే దిగంతం దగ్గర సూర్యకాంతి దాటాల్సిన గాలి సుమారు 38 రెట్లు. ఎరుపు వెనక ఉన్న లెక్క ఇంతే.

ఇక్కడో అపోహ ఉంది. దుమ్ము, పొగ ఎక్కువగా ఉంటే సూర్యాస్తమయం బాగుంటుందంటారు. గాలి అణువుల కంటే బాగా పెద్దవైన దుమ్ము కణాలు, తేమ పట్టిన పొగ కణాలు అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా చెదరగొడతాయి. దాంతో ఆకాశం మసకబారి, దిగంతం పైన బూడిదరంగు పట్టీ ఏర్పడి, సూర్యుడు దిగంతాన్ని చేరకముందే అందులో కనుమరుగవుతాడు. జనవరి సాయంత్రాల్లో హైదరాబాదు శివార్లలో ఇది తరచూ కనిపిస్తుంది. అలాంటి రోజు విశాలమైన ఆకాశం కోసం వెతకడం దండగ. పొడవాటి లెన్సుతో ఎర్రటి బింబాన్ని పట్టుకోవడమే సరైన పని; మసక వల్ల బింబం వెలుగు తగ్గి, ఆకాశంతో తేడా కూడా తగ్గుతుంది.

రంగుల ఆకాశం కావాలంటే వాన వెలిసిన సాయంత్రాలు, ముఖ్యంగా సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. గాలి కడిగినట్టుంటుంది. నెత్తిమీద ఎత్తయిన మబ్బులు ఉండాలి, పడమటి దిగంతం మాత్రం తెరిచి ఉండాలి. శాటిలైట్ మబ్బుల చిత్రంలో మనకు పడమరగా రెండు మూడు వందల కిలోమీటర్ల మేర దట్టమైన మబ్బు ఉందంటే, పైన ఎంత అందమైన మబ్బులున్నా కింది నుంచి వాటికి వెలుగు అందదు.

దిక్కు ముందు, ఫ్రేము తర్వాత

సూర్యుడు సరిగ్గా పడమర అస్తమించేది ఏడాదికి రెండు రోజులే, మార్చిలోనూ సెప్టెంబరులోనూ. మన అక్షాంశంలో జూన్ చివర పడమరకు 24 డిగ్రీలకు పైగా వాయవ్యంగా, డిసెంబరు చివర అంతే నైరుతిగా దిగుతాడు. మొత్తం 49 డిగ్రీల ఊపు. ఫోనులోని సాధారణ లెన్సు ఫ్రేము వెడల్పు 70 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుందంటే, ఒక నెలలో ఫ్రేము మధ్యలో కూర్చున్న సూర్యుడు మరో నెలలో అంచుకో, ఫ్రేము బయటకో పోతాడు.

రాజమహేంద్రవరం సంగతే తీసుకోండి. ఊరు గోదావరికి తూర్పు గట్టున, కొవ్వూరు పడమటి గట్టున. కాబట్టి ఘాట్ల మీద నిలబడితే పొద్దు నదికి అవతల గుంకుతుంది. ఆర్చి వంతెన ఒక గట్టు నుంచి మరో గట్టుకు, అంటే చూపు సాగే దిక్కుగానే వెళ్తుంది. సూర్యుడు వంతెనకు ఏ పక్కన దిగుతాడో, ఆర్చిల వెనకకు వస్తాడో రాడో నెలను బట్టి, మీరు నిలబడ్డ ఘాటును బట్టి మారిపోతుంది. హైదరాబాదులో ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్‌కు తూర్పు వైపున ఉంది. అక్కడి నుంచి నీటి మధ్య బుద్ధ విగ్రహం, దాని వెనక అస్తమయం దొరుకుతాయి. సరిగ్గా విగ్రహం వెనకకు రావాలంటే కట్ట మీద అటూ ఇటూ జరిగి చోటు వెతుక్కోవాలి. ఫోటోపిల్స్, సన్ సర్వేయర్ లాంటి యాప్‌లు ఏ రోజు ఏ చోటి నుంచి ఏ దిక్కులో అస్తమిస్తాడో మ్యాపు మీద గీత గీసి చూపిస్తాయి.

ఆ గీతను గుడ్డిగా నమ్మేముందు ఒక సవరణ. మన దగ్గర సూర్యుడు నిటారుకు 17 డిగ్రీలు వాలుగా, కుడివైపుకు జరుగుతూ దిగుతాడు. దిగంతానికి నాలుగు బింబాల ఎత్తులో ఉన్న సూర్యుడు కిందికి వచ్చేసరికి ఇంచుమించు ఒక బింబమంత కుడికి జరిగి ఉంటాడు. గుడి గోపురం వెనక కలశం మీద నిలపాలనుకునేవాళ్లు ఈ జరుగుడును ముందే లెక్కేసుకుని ఎడమకో కుడికో నిలబడాలి.

విశాఖ, కాకినాడ, సూర్యలంక లాంటి చోట్ల సముద్రం తూర్పున ఉంటుంది కాబట్టి పొద్దు నేల మీదే గుంకుతుంది. దీన్ని చాలామంది లోటుగా భావిస్తారు. వీపు సూర్యుడివైపు పెట్టి సముద్రం వైపు చూడండి. అస్తమయం తర్వాత పది పదిహేను నిమిషాలు, నీటి అంచున ముదురు నీలి బూడిదరంగు పట్టీ లేస్తుంది. అది భూమి తన సొంత వాతావరణం మీద వేసే నీడ. దాని పైన లేత గులాబీ పట్టీ. తెల్లటి నురగ, తడి ఇసుక ఆ గులాబీని పట్టుకుంటాయి. ఇక్కడ ఆకాశానికీ నేలకూ మధ్య తేడా రెండు మూడు స్టాపులే, ఒక్క ఎక్స్‌పోజర్‌తో అంతా వచ్చేస్తుంది. తూర్పు తీరంలో దొరికే అత్యుత్తమమైన సాయంకాలపు వెలుగు ఇదే.

సూర్యుడు ఎంత పెద్దగా ఉండాలి

సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. సెన్సర్ మీద దాని వ్యాసం కావాలంటే లెన్సు ఫోకల్ లెంగ్తును (24 ఎంఎం, 200 ఎంఎం అని లెన్సు మీద ఉండే సంఖ్య) సుమారు 109తో భాగించాలి. 24 ఎంఎం లెన్సులో 0.22 మిల్లీమీటర్లు, ఫుల్‌ఫ్రేమ్ ఎత్తులో నూటికి ఒక వంతు కూడా కాదు. ఫోను మెయిన్ కెమెరా కూడా ఇంచుమించు ఈ కోవలోదే. అంత పెద్దగా అనిపించిన సూర్యుడు ఫోనులో చుక్కయిపోవడానికి కారణం ఇదే. 200 ఎంఎంలో 1.8 మిల్లీమీటర్లు, 400 ఎంఎంలో 3.7, అంటే ఫ్రేము ఎత్తులో దాదాపు 15 శాతం.

ఇక వస్తువుకూ సూర్యుడికీ పొంతన. ఒక వస్తువు సూర్యుడంత ఎత్తు కనిపించాలంటే దాని ఎత్తుకు సుమారు 108 రెట్ల దూరంలో నిలబడాలి. మనిషయితే 180 మీటర్ల పైన. 15 మీటర్ల తాటిచెట్టయితే 1.6 కిలోమీటర్లు. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం 18 మీటర్లు కాబట్టి దాదాపు 1.95 కిలోమీటర్లు. దూరం ఇంతకంటే తక్కువైతే ఎంత జూమ్ చేసినా సూర్యుడు విగ్రహం ముందు చిన్నగానే ఉంటాడు, ఎందుకంటే జూమ్ రెండింటినీ కలిపే పెంచుతుంది. పొంతనను మార్చేది కాళ్లే, లెన్సు కాదు.

పొడవాటి లెన్సుతో జాగ్రత్త. అద్దాల వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని చూస్తే కంటికి శాశ్వతమైన హాని జరగవచ్చు. స్క్రీను మీద చూసి తీయాలి. పొద్దు ఇంకా ప్రకాశంగా ఉన్నప్పుడు లెన్సును అటువైపు తిప్పి ఉంచడం సెన్సర్‌కూ మంచిది కాదు.

నేలను నిలబెట్టడం

ఆకాశం ఎంత బాగున్నా కింద చూపు ఆగే చోటు లేకపోతే ఫోటో ఒక్క క్షణానికే అయిపోతుంది. వెలుగు తేడా ఎక్కువగా ఉన్న సాయంత్రం నేల నల్లబడుతుందని తెలుసు కదా. అయితే ఆ నలుపునే వాడుకోవచ్చు. నలుపులో మిగిలేది ఆకారం ఒక్కటే. అందుకని ఆకారాలు ఒకదానికొకటి అంటుకోకూడదు. పడవలో నిలబడ్డ మనిషి తల అవతలి గట్టు గీతను దాటి ఆకాశంలోకి రావాలి; గట్టు చీకట్లో కలిసిపోతే మనిషి మాయమవుతాడు. కెమెరాను ఒక అడుగు కిందికి దించితే తల ఆకాశంలోకి లేస్తుంది. తాటిచెట్ల వరుసయితే రెండడుగులు పక్కకు జరిగి, మట్టల మధ్య ఆకాశం కనబడేలా చూడాలి. చేతులు ఒంటికి ఆనించి నిలబడ్డ మనిషి స్తంభంలా కనిపిస్తాడు. తెడ్డు పట్టుకున్నవాడు, వల విసిరేవాడు మనిషిలా కనిపిస్తాడు.

నీళ్లుంటే కెమెరా ఎత్తు ఇంకా కీలకం. నిట్టనిలువుగా చూస్తే నీటి ఉపరితలం తన మీద పడ్డ వెలుగులో 2 శాతమే తిప్పి పంపుతుంది, మిగతాది లోపలికి పోతుంది. అందుకే కాళ్ల దగ్గర నీళ్లు నల్లగా, బురదగా కనిపిస్తాయి. ఉపరితలానికి 5 డిగ్రీల వాలులో చూస్తే సగానికి పైగా వెనక్కి వస్తుంది. కంటి ఎత్తున, అంటే మీటరున్నర ఎత్తులో కెమెరా ఉంటే ఈ మెరిసే నీళ్లు 17 మీటర్ల అవతల మొదలవుతాయి. అదే 30 సెంటీమీటర్లకు దించితే మూడున్నర మీటర్ల నుంచే. ఘాటు మెట్లలో చివరి మెట్టు మీద కూర్చుని తీసిన ఫోటోలో నది సగం ఫ్రేము దాకా రంగుతో నిండడానికి కారణం ఇదే. నేల నల్లబడే సమస్య కూడా దీంతో సగం తీరిపోతుంది, ఎందుకంటే ఇప్పుడు నేల చోట ఆకాశపు నీడే ఉంది.

దిగంతం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మూడో వంతు సూత్రం (ఫ్రేమును మూడు భాగాలు చేసి దిగంతాన్ని ఆ గీత మీద పెట్టడం) చెప్పి వదిలేస్తుంటారు. ఆకాశంలో మబ్బులుంటే దిగంతం కిందికి, లేకపోతే పైకి. ఖాళీ ఆకాశానికి మూడింట రెండొంతులు ఇవ్వడంలో అర్థం లేదు. నీళ్లు నిశ్చలంగా ఉండి ప్రతిబింబం పూర్తిగా ఉంటే నట్టనడుమ పెట్టినా తప్పులేదు. దిగంతం వాలిపోవడం మాత్రం క్షమించరానిది. నీటి అంచు ఒక డిగ్రీ వాలినా నది ఒలికిపోతున్నట్టు ఉంటుంది. కెమెరా లెవెల్, ఫోను గ్రిడ్ రెండూ ఆన్ చేసి ఉంచండి.

ముందుభాగంలో రాయో పడవ ముక్కో దగ్గరగా ఉంటే 24 ఎంఎం లెన్సును ఎఫ్/11 (లెన్సు రంధ్రం కొలత; సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) దగ్గర ఉంచి 1.75 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, 90 సెంటీమీటర్ల నుంచి అనంతం దాకా ఫోకస్‌లో ఉంటుంది. ఎఫ్/16కి పోతే సూర్యుడి చుట్టూ కిరణాల నక్షత్రం బాగా వస్తుంది గానీ మొత్తం ఫోటో కాస్త మెత్తబడుతుంది, సెన్సర్ మీది ప్రతి దుమ్ము కణమూ ఆకాశంలో మచ్చగా తేలుతుంది.

ఎరుపు ముందు తెగుతుంది

ఎక్స్‌పోజర్ విషయంలో అందరూ చెప్పేది, ఆకాశానికి సరిపెట్టు, నేలను తర్వాత చూసుకుందాం అని. సరైన మాటే. కానీ ఆకాశం తెగిపోయిందో (సెన్సర్ పట్టగలిగే హద్దు దాటి వివరం పోయిందో) లేదో ఎలా తెలుసుకుంటారన్నదే అసలు సంగతి. కెమెరాలో మామూలుగా కనిపించే తెల్లటి హిస్టోగ్రామ్ (చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫు) మూడు రంగుల కలగలుపు. పొద్దువాలు ఆకాశం దాదాపు అంతా నారింజ. అందులో ఎరుపు చాలా ఎక్కువ, పచ్చ సగం, నీలం అతి తక్కువ. తెల్ల హిస్టోగ్రామ్ అంచుకు ఇంకా దూరంగానే ఉన్నా, ఎరుపు అప్పటికే గోడకు కొట్టుకుని ఉంటుంది. ఎరుపు ఆగిపోయి పచ్చ మాత్రం పెరుగుతూ పోతే నారింజ కాస్తా పసుపుకు తిరుగుతుంది. సూర్యుడి చుట్టూ గుడ్డు సొనలాంటి పసుపు వలయం, దానికి గట్టి అంచు కనిపించే ఫోటోలన్నీ ఈ కోవలోవే. తెగిన రంగును ఏ స్లైడరూ వెనక్కి తేలేదు.

కాబట్టి మెనూలో మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను తెరిచి, ఎరుపు కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్ తగ్గించాలి. సూర్యబింబం మాత్రం తెగినా పర్వాలేదు, అది వెలుగు మూలమే కదా. బింబం పక్కన రెండు మూడు బింబాల దూరంలో ఉన్న ఆకాశంలో వివరం ఉంటే చాలు. వైట్ బ్యాలెన్స్‌ను (ఫోటో రంగులు ఎంత వెచ్చగా, ఎంత చల్లగా ఉండాలో తేల్చే అమరిక) ఆటోలో వదలకూడదు. వెచ్చదనాన్ని లోపంగా భావించి సరిదిద్దేస్తుంది. డేలైట్, అంటే 5200 నుంచి 5500 కెల్విన్ దగ్గర ఉంచండి. రా ఫైలులో తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ హిస్టోగ్రామ్ లెక్క కెమెరా తయారుచేసే జేపెగ్ మీద నడుస్తుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్ తప్పయితే హిస్టోగ్రామూ తప్పు చెబుతుంది.

మొదలుపెట్టడానికి ఐఎస్‌ఓ 100, ఎఫ్/8. పొద్దు దిగంతాన్ని తాకుతున్నప్పుడు షట్టర్ 1/125 సెకను చుట్టూ, పావుగంట తర్వాత 1/4, పాతిక నిమిషాలకు రెండు సెకన్ల దాకా. మబ్బును బట్టి స్టాపు, రెండు స్టాపులు అటూ ఇటూ అవుతుంది. ట్రైపాడ్ మీద రెండు సెకన్ల టైమర్ పెట్టి తీయండి.

తేడా మరీ ఎక్కువైతే బ్రాకెటింగ్ చేయండి: మామూలుగా ఒకటి, రెండు స్టాపులు తక్కువగా ఒకటి, రెండు స్టాపులు ఎక్కువగా ఒకటి. మూడింటినీ తర్వాత కలుపుతారు. పడవలు, ఆకులు కదిలితే ఒకదాని మీద ఒకటి దెయ్యంలా రెండు నీడలు పడతాయి, అందుకే గాలి ఉన్న రోజు ఒకే రా ఫైలును నమ్ముకోవడం మేలు. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైసగం ముదురుగా ఉండి ఆకాశం వెలుగు తగ్గించే అద్దం) సముద్రం, సాదా నది దగ్గరే పనికొస్తుంది. గోపురమో ఆర్చి వంతెనో దిగంతాన్ని దాటి లేస్తే దాని పైభాగాన్ని కూడా నల్లబరుస్తుంది. పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) సూర్యుడికి 90 డిగ్రీల పక్కనే బాగా పనిచేస్తుంది, ఎదురుగా కాదు; పైగా నీటి మీది ప్రతిబింబాన్ని చెరిపేస్తుంది. ఈ వేళ దాన్ని తీసి జేబులో వేసుకోండి. లెన్సు ముందున్న యూవీ ఫిల్టరునూ తీసేయండి, సూర్యుడికి ఎదురుగా పచ్చటి చుక్కలు పడేది ఎక్కువగా దాని వల్లే.

ఫోనుతో తీసేవాళ్లు ముందు లెన్సును మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డే సూర్యుడి నుంచి పొడవాటి చారగా సాగుతుంది. సూర్యుడి పక్కన ఆకాశం మీద వేలు నొక్కి పట్టుకుని ఎక్స్‌పోజర్‌ను లాక్ చేసి, కిందికి జరిపి, రంగు నిండాక తీయండి. అల్ట్రావైడ్ కంటే మెయిన్ లెన్సు మేలు. రా సదుపాయం ఉంటే వాడండి.

ఎడిటింగ్: ఎవరి వాటా ఎంత

ఇప్పుడు చేతిలో ఉన్నది ఆకాశం బాగా, నేల నల్లగా ఉన్న రా ఫైలు. లైట్‌రూమ్ అయినా, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అయినా వరుస ఒకటే: ముందు ప్రొఫైలు (రంగులకూ కాంట్రాస్ట్‌కూ మొదటి అమరిక), వైట్ బ్యాలెన్స్, మొత్తం వెలుగు, తర్వాత విడివిడిగా ఆకాశం, నేల, రంగులు ఆ తర్వాతే. లైట్‌రూమ్‌లో పేరు చూసి అడోబ్ ల్యాండ్‌స్కేప్ ప్రొఫైలు ఎంచుకుంటారు గానీ అది ముందే రంగులు పెంచి ఇస్తుంది. నారింజ ఇప్పటికే నిండుగా ఉన్న ఫైలుకు అడోబ్ న్యూట్రల్ సరిపోతుంది.

హైలైట్లు (ప్రకాశమైన భాగాలు) 40 నుంచి 60 దాకా తగ్గించండి. షాడోలు (నీడ భాగాలు) పెంచేది 25, మహా అయితే 40. అక్కడ ఆగాలి. 100 దాకా లాగినప్పుడు ఏం జరుగుతుందో నీళ్లున్న ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది: ప్రతిబింబం ఆకాశం కంటే ప్రకాశంగా మారుతుంది. నీరు తన మీద పడ్డదానికంటే ఎక్కువ వెలుగు ఇవ్వలేదు కాబట్టి ప్రతిబింబం ఎప్పుడూ ఆకాశం కంటే కొంచెమైనా ముదురుగానే ఉండాలి. చూసేవాళ్లు కారణం చెప్పలేకపోయినా ఏదో తేడాగా ఉందని పసిగడతారు. ఏ ఫోటోలోనైనా అతి ఎడిటింగ్‌ను పట్టించే పరీక్ష ఇది. గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్‌ను ఎక్కువ వాడినా ఇదే పొరపాటు జరుగుతుంది.

మాస్కుల (మార్పు ఎంచుకున్న భాగానికే తగిలేలా చేసే తెరల) దగ్గరికొస్తే, ఆకాశం మాస్కు వేసి ఎక్స్‌పోజర్ పావు స్టాపో అర స్టాపో తగ్గించడం, నేల మాస్కులో అంతే పెంచడం సరిపోతుంది. మాస్కు అంచుల్ని 100 శాతానికి జూమ్ చేసి చూడండి, ముఖ్యంగా తాటిమట్టల చివర్లు, వంతెన కడ్డీలు. అక్కడ తెల్లటి గీత కనిపిస్తే మాస్కు సరిగా కూర్చోలేదు లేదా క్లారిటీ ఎక్కువైంది. క్లారిటీ చేసేది అంచుకు ఇరువైపులా తేడా పెంచడమే. ప్రకాశమైన ఆకాశాన్ని నల్లటి కొండ ఆనుకున్న చోట దాన్ని పెంచితే అంచు వెలగక ఏం చేస్తుంది? క్లారిటీని నేల మాస్కు లోపల 10 దాకా వాడుకుని ఆకాశాన్ని వదిలేయండి. మసక తీసేసే డీహేజ్ కూడా అంతే. దూరపు కొండల మీద కొంచెం పనికొస్తుంది, సూర్యుడి చుట్టూ వాడితే ఆ పొగమంచు వెలుగునే తినేస్తుంది. అక్కడ గుండ్రటి (రేడియల్) మాస్కు వేసి డీహేజ్‌ను 5 నుంచి 10 దాకా తగ్గించి చూడండి, సాయంత్రం తిరిగి వస్తుంది.

హైలైట్లు పూర్తిగా కిందికి లాగితే తెల్లటి సూర్యుడు బూడిదరంగు బిళ్లవుతాడు. వెలుగు మూలం తన చుట్టూ ఉన్న ఆకాశం కంటే మసకగా ఉండటం ప్రకృతిలో జరగదు. బింబం తెల్లగా ఉండనివ్వండి.

రంగుల్లో అందరూ చేసే పని మొత్తం వైట్ బ్యాలెన్స్‌ను 8000 కెల్విన్‌కు జరపడం. ఆకాశం మండుతుంది నిజమే, కానీ నేల కూడా నారింజ బురదవుతుంది. పొద్దుగుంకాక నేల మీద పడే వెలుగు నెత్తిమీది నీలాకాశం నుంచి వస్తుంది కాబట్టి నీడలు సహజంగా చల్లటి నీలంలో ఉంటాయి. ఆ చల్లదనం ఉన్నప్పుడే పైన నారింజ వెచ్చగా అనిపిస్తుంది. మొత్తాన్ని 5500 నుంచి 6000 దగ్గర ఉంచి, ఆకాశం మాస్కులో మాత్రం కొంచెం వెచ్చదనం కలపండి. అన్ని రంగులనూ ఒకేలా పెంచే శాచురేషన్ జోలికి పోకుండా వైబ్రెన్స్ 10 నుంచి 15 పెంచితే ఇప్పటికే నిండిన నారింజను పెద్దగా కదపకుండా మిగతావి లేస్తాయి. ఇంకా ఘాటుగా ఉంటే రంగుల మిక్సర్‌లో నారింజ శాచురేషన్‌ను 5 నుంచి 10 తగ్గించండి. తగ్గించాక మబ్బుల మడతలు మళ్లీ కనిపించడం గమనిస్తారు, ఎందుకంటే అతిగా నిండిన రంగులో నీడకు చోటుండదు.

ఫోనులో స్నాప్‌సీడ్ వాడేవాళ్లు హెచ్‌డీఆర్ స్కేప్ ఫిల్టర్‌కు దూరంగా ఉండండి. కొండల చుట్టూ తెల్లటి అంచులు అత్యంత వేగంగా తెచ్చేది అదే. సెలెక్టివ్ సాధనంతో నేల మీద చుక్క పెట్టి బ్రైట్‌నెస్ 20 పెంచితే కావలసిన పని అయిపోతుంది. ఆకాశాన్నే మార్చేసే సాధనాలు ఇప్పుడు ప్రతి యాప్‌లోనూ ఉన్నాయి. వాటితో చేసిన దాన్ని ఫోటో అని పంచుకోవడం నాకు సమ్మతం కాదు. ఆ సాయంత్రం ఆ చోట లేని వెలుగది. పైగా దొరికిపోతారు కూడా: ఆకాశంలో సూర్యుడు ఎడమన ఉంటే నేల మీద నీడలు ఇంకోవైపు పడి ఉంటాయి, నీటిలో పాత ఆకాశమే ఉంటుంది.

పంపేటప్పుడు చెడిపోయేవి

ఎడిటింగ్‌లో బాగున్న ఆకాశం పంపాక మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తే కారణం బ్యాండింగ్. ఆకాశంలో రంగు చాలా నెమ్మదిగా మారుతుంది. 8 బిట్ల జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. కాంట్రాస్ట్‌నూ శాచురేషన్‌నూ లాగినకొద్దీ ఆ మెట్లు దూరమై గీతలవుతాయి. మార్పులన్నీ రా ఫైలు మీదో 16 బిట్ల ఫైలు మీదో చేసి, జేపెగ్‌గా మార్చడం చివరన ఒక్కసారే జరగాలి. ఆకాశం మీద నాయిస్‌ను (సన్నటి చుక్కల గరుకు) పూర్తిగా తుడిచేయకండి; సన్నటి గరుకుదనం బ్యాండింగ్‌ను దాచిపెడుతుంది. ఎగుమతిలో కలర్ స్పేస్ (ఫైలు వాడే రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీ, క్వాలిటీ 85 నుంచి 90. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే మళ్లీ కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

ప్రింటు వేయించేవాళ్లు ముందు స్క్రీను వెలుగు తగ్గించుకోవాలి. పూర్తి వెలుగులో ఎడిట్ చేసిన ఫైలు కాగితం మీద నల్లగా వస్తుంది, ముఖ్యంగా సాయంకాలపు నీడలు. మానిటర్ వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే తెల్ల కాగితాన్ని గది వెలుగులో స్క్రీను పక్కన పట్టుకుని, స్క్రీను తెలుపు కాగితం తెలుపుతో సరిపోయేదాకా తగ్గించండి. ఆపై ల్యాబులో మొదట చిన్న సైజులో ఒక ప్రింటు తీయించి, పడవ అంచులూ గట్టు మీది చెట్లూ నలుపులో విడివిడిగా కనిపిస్తున్నాయో లేదో పగటి వెలుగులో చూసుకున్నాకే పెద్దది చెప్పండి. కలిసిపోయి ఉంటే ఫైలులో నేల మాస్కు ఎక్స్‌పోజర్‌ను మూడో వంతు స్టాపు పెంచి మళ్లీ ఇవ్వండి, ఆకాశం జోలికి వెళ్లనక్కర్లేదు.